లేచి నిలబడటం

సావనీర్ సంపాదకవర్గం తరఫున పోయిన నెల ఇద్దరు కుర్రవాళ్ళు మా ఇంటికి వచ్చారు. "సార్, మీరు ఇక్కడే చదివారు, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా సంచికకు ఏదైనా రాసి ఇవ్వాలి" అన్నారు. ఏం రాయమంటారని అడిగాను. "మీ ఇష్టం సార్. అధికారాన్ని ప్రశ్నించడం గురించి అయితే యూనియన్ సంచికకు బావుంటుంది" అన్నాడు ఒకడు. రెండోవాడు నవ్వి, "సార్ చర్చికి వెళ్తారు కదరా, అధికారానికి లోబడి వుండమని రాస్తారేమో" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. లోబడటం, ప్రశ్నించడం రెండూ ఒకదానికొకటి శత్రువులని ఆ పిల్లలు అనుకుంటున్నారు. వాళ్ళ వయసులో నేనూ అట్లాగే అనుకున్నాను. అట్లా కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలియజెప్పింది పుస్తకాలు కావు. మా నాన్న, మా నాయనమ్మ, మా అక్క. అందుకని వాళ్ళ ముగ్గురి గురించే రాస్తున్నాను.

మా ఇల్లు మలక్‌పేట రైల్వే స్టేషన్‌కు దగ్గరలో. రెండు గదుల పెంకుటిల్లు. రైలు వస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర మాలిక్ యాకూబ్ అనే సేవకుడు వుండేవాడని, అతని పేరు మీదే మలక్‌పేట అయిందని పెద్దలు చెబుతారు. ఏలినవాడి పేరు కాక, కొలిచినవాడి పేరు పేటకు నిలిచిపోయిందన్నమాట. మా నాన్నకు ఈ కథంటే మహా ఇష్టం. ఎవరు మా ఇంటికి మొదటిసారి వచ్చినా ఒకసారి చెప్పకుండా వదిలేవాడు కాదు.

నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆదివారం సంఘ పెద్ద. రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. చాప పరిచి, లాంతరో బల్బో ఏది వెలిగితే దాని కింద కూర్చునేవాళ్ళం. పిల్లలం తలా ఒక వాక్యం కంఠతా చెప్పాలి. రోమీయులకు పౌలు రాసిన పత్రికలో పదమూడో అధ్యాయం మా చేత పూర్తిగా వల్లె వేయించాడు నాన్న. అధికారమనేది దేవుని దగ్గర నుంచే వస్తుందనీ, కనుక అధికారిని ఎదిరించేవాడు దేవుని ఏర్పాటునే ఎదిరిస్తున్నాడనీ అందులో వుంది. దాన్ని నాన్న మాకు ఆచరణలో పెట్టి చూపించిన పద్ధతి ఒక్కటే. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడాలి. అయ్యగారు వచ్చినా, మేష్టారు వచ్చినా, ఉత్తరాలిచ్చే పోస్ట్‌మ్యాన్ వచ్చినా సరే. "పోస్ట్‌మ్యాన్‌కేం అధికారం నాన్నా?" అని అక్క అడిగితే, "ఆయన చేతిలో వున్న సంచీ ఆయనది కాదమ్మా. పైవాళ్ళు నమ్మి అప్పజెప్పింది. అధికారమంటే అదే" అనేవాడు.

అప్పుడు మాకు అర్థం కాలేదు. లేచి నిలబడటం మాత్రం అలవాటైంది.

1976లో నాకు పదేళ్ళు. ఎమర్జెన్సీ రోజులు. 1975 జూన్ 25 రాత్రి మొదలై 1977 మార్చి 21న ఎత్తేసిన ఆ కాలంలో, పెద్దవాళ్ళు ఆఫీసు సంగతులు ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఒకరోజు నాన్న ఆలస్యంగా వచ్చి, అన్నం తినకుండా చాప మీద కూర్చున్నాడు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆఫీసుకు రాని సామాను వచ్చినట్టుగా బిల్లు తయారైంది. సరుకు ముట్టిందని నాన్న సంతకం పెట్టాలి. పై అధికారి పిలిచి, పెట్టమన్నాడు. నాన్న ఆయన ఎదురుగా నిలబడి, "సార్, మీరు నా అధికారి. మీ మాట నేనెప్పుడూ జవదాటలేదు. ఈ సంతకం మాత్రం చెయ్యలేను. నన్ను మన్నించండి" అన్నాడట.

"గట్టిగా అరిచి రావాల్సింది" అంది అమ్మ.

"అరిస్తే సంతకం విషయం పోయి అరుపు విషయం మిగిలేది" అన్నాడు నాన్న.

నెల తిరక్కుండా దూరపు జిల్లాకు బదిలీ అయింది. రెండేళ్ళు నాన్న అక్కడ, మేం ఇక్కడ. మా ఫీజుల కోసం అమ్మ చెవుల దుద్దులు మలక్‌పేట గంజ్ దగ్గరి సేటు కొట్టుకు వెళ్ళాయి, తిరిగి రాలేదు. నాన్న సెలవు మీద వచ్చినప్పుడల్లా కుటుంబ ప్రార్థనలో ఆ అధికారిని పేరు పెట్టి తలుచుకుని, ఆయనకు మంచి ఆరోగ్యం, మంచి బుద్ధి ఇవ్వమని వేడుకునేవాడు. అందరూ ఆమేన్ అనేవారు. నేను అనేవాణ్ణి కాదు. పెదవులు బిగించుకుని కూర్చునేవాణ్ణి. నాన్న అది చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఒకసారి నాయనమ్మ దగ్గర ఈ కోపమంతా వెళ్ళగక్కాను. "నాన్న భయపడ్డాడు. దేవుడిచ్చిన అధికారం, దేవుడిచ్చిన అధికారం అని వంగి వంగి దండాలు పెడతాడు" అన్నాను. నాయనమ్మది డోర్నకల్ దగ్గర పల్లె. నైజాం ఏలుబడిలో వెట్టి చేసిన ఇంట పుట్టింది. ఆమె వక్కాకు నమలడం ఆపి నన్ను దగ్గరికి పిలిచింది.

"వంగుడంటే నీకేం ఎరుక బిడ్డా? మేం వంగినం. దొర తొవ్వన వస్తుంటే చెప్పులు చేతబట్టుకొని పక్కకు జరిగెటోళ్ళం. నీ బాంచెన్ దొరా, కాల్మొక్త అనెటోళ్ళం. గది మర్యాద గాదు. భయం. మర్యాద చెయ్యాల్నంటే ముందుగాల నిలబడరావాలె. మీ నాయన నిలబడి చెప్పిండు. వంగి చెప్పలే."

ఆ తర్వాత నాయనమ్మ బిషప్ అజరయ్య గారి సంగతి చెప్పింది. ఆ పేరు మా ఇంట్లో పటం కట్టిన పేరు. చదువరులలో చాలామందికి తెలియకపోవచ్చు కనుక నాలుగు మాటలు చెబుతాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళైలో పుట్టారు. తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున తెలుగు నేలకు, నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చి, ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తా కెథడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

ఇక్కడే వుంది అసలు సంగతి. దేవుడిచ్చిన అధికారానికి లోబడమని మన పల్లెల వాళ్ళకు బోధించిన తెల్ల మిషనరీలలోనే కొందరికి, ఒక నల్లని మనిషి తమ మీద బిషప్‌గా వుంటాడంటే మింగుడు పడలేదు. అభిషేకానికి ముందే అభ్యంతరాలు చెప్పారు. అందుకే ఆయనకు మొదట చిన్న డయోసిస్ ఇచ్చారు. 1920 తర్వాత గానీ అది కృష్ణా ప్రాంతం దాకా విస్తరించలేదు. వాక్యం చెప్పడం సులువు, దాని కింద తాము నిలబడటం కష్టమని అప్పటి సంగతి చూస్తే తెలుస్తుంది.

అజరయ్య గారు నోరు మూసుకుని బతికిన మనిషి కూడా కాదు. బిషప్ కాక మునుపే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తనకంటే పెద్దవాళ్ళు కూర్చున్న సభలో లేచి నిలబడి మాట్లాడారు. మిషనరీలు చేసిన త్యాగాలన్నిటికీ భారతీయ సంఘం కృతజ్ఞతతో వుంటుందని ముందు చెప్పి, మీరు మాకు అన్నీ ఇచ్చారుగానీ స్నేహం ఇవ్వలేదు, అదే ఇవ్వండి అనే భావంతో ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. వంద సంవత్సరాలు గడిచినా ఆ సభ గురించి ఎవరు రాసినా ఈ మాటను గుర్తు చేసుకోకుండా రాయలేరు.

నాయనమ్మకు ఎడిన్‌బరో తెలియదు. ఆమెకు తెలిసింది తన బాప్తిస్మం. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత వాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీదే పెట్టించి, నేను విన్న సువార్త పదిమందికి చెబుతానని మాట తీసుకోవడం అజరయ్య గారి పద్ధతి. "అన్ని దినాలు మా తలల మీద దొర మూటలే మోసినం. ఆ దినం నా చెయ్యే నా తలమీద పెట్టుకున్న" అని చెప్పి నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆయన పెద్ద అధికారే బిడ్డా. కానీ ఆయన ముంగట నేను చిన్నగ గాలే."

పదేళ్ళవాణ్ణి, ఆమె చెప్పింది సగమే తలకెక్కింది.

మన కాలేజీ రోజులకు వస్తాను. 1986. హాస్టల్ మెస్ లెక్కల్లో ఏదో తేడా వుందని గొడవ. మాది న్యాయమైన కోరికే. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టమన్నాం, అంతే. నెల రోజులు కాగితాలు తిరిగాయి, జవాబు లేదు. యూనియన్ కమిటీలో నేనొకణ్ణి. ఒక సాయంత్రం మూసారాంబాగ్‌లో రేమండ్ సమాధి దగ్గర మెట్ల మీద కూర్చుని ఆలోచన చేశాం. నిజాం సైన్యంలో కొలువు చేసి 1798లో చనిపోయిన ఆ ఫ్రెంచి సేనాని పేరే జనం నోళ్ళలో పడి మూసారాం అయిందంటారు. అది గుట్ట మీద గాలి బాగా వీచే చోటు. ఆవేశాలకు అనువైన చోటు. మర్నాడు ఘెరావ్ అని తీర్మానం అయిపోయింది.

ఆ ఆగస్టులోనే పత్రికల్లో ఒక తీర్పు వచ్చింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు, బిజో, బిను, బిందు, బడిలో జాతీయగీతం పాడేటప్పుడు అందరితోపాటు లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. తమ విశ్వాసం ఒప్పుకోదన్నారు. 1985 జులైలో వాళ్ళను బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీం కోర్టు, పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు చెప్పింది. తీర్పు రాసింది మన తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడినవాళ్ళు దాన్ని అవమానించినట్టు కాదు, తప్పకుండా పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, ఇదీ ఆ తీర్పు సారాంశం.

నాన్న ఆ వార్త రెండుసార్లు చదివాడు. "వాళ్ళ బోధ మనకు పడదు. గీతం మనం పాడతాం, పాడాలి కూడా. కానీ ఆ పిల్లలు చేసింది చూడు. కూర్చోలేదు, వెకిలిగా నవ్వలేదు. లేచి నిలబడ్డారు. నోరు మాత్రం తమ మనస్సాక్షికి అప్పజెప్పారు" అన్నాడు. పత్రిక మడిచి పెట్టి, "నేనా రోజు ఆఫీసర్ గారి ముందు చేసింది కూడా ఇంతే" అన్నాడు. పదేళ్ళలో ఆ సంగతి తనంతట తాను ఎత్తడం అదే మొదటిసారి.

నేను విన్నాను. ఘెరావ్‌కు వెళ్ళాను.

పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ పెద్దమనిషిని ఆయన గదిలోనే కూర్చోబెట్టాం. ఆయనకు షుగర్ వుందని అటెండరు వచ్చి చెప్పాడు. టీ బిస్కెట్లు లోపలికి పోనివ్వమని బతిమాలాడు. మాలో ఒకరిద్దరు పోనిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అంతటితో ఆగలేదు. ఆయన మాట్లాడేటప్పుడు కొంచెం నత్తి వుండేది. అందరి ముందూ ఆయన నత్తిని అనుకరించి ఒక మాట అన్నాను. గది నిండా నవ్వులు. ఆయన తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ తల దించుకున్నారు. రాత్రికి లెక్కలు పెట్టడానికి ఒప్పుకున్నారు. మేం గెలిచాం. జిందాబాద్ కొట్టుకుంటూ బయటికి వచ్చాం.

ఇంటికి వెళ్ళి గొప్పగా చెప్పాను. నాన్న అంతా విన్నాడు. "అడిగింది న్యాయమే. అడగాల్సిందే" అన్నాడు. అభినందిస్తాడనుకున్నాను. "నిలబడి అడిగావా, ఆయన్ని కూలదోసి అడిగావా?" అన్నాడు.

ఆ రాత్రి అపొస్తలుల కార్యములలో ఇరవై మూడో అధ్యాయం చదవమన్నాడు. పౌలు విచారణకు నిలబడ్డప్పుడు, అతని నోటి మీద కొట్టమని ప్రధాన యాజకుడు ఆజ్ఞ ఇస్తాడు. పౌలు మండిపడి ఆయన్ని సున్నం కొట్టిన గోడతో పోల్చి తిడతాడు. పక్కవాళ్ళు ఆయన ప్రధాన యాజకుడయ్యా అంటే, అది నాకు తెలియలేదు, ప్రజల అధికారిని దూషించకూడదని ధర్మశాస్త్రం చెబుతోంది అని తగ్గుతాడు. "చూశావా, తిట్టును వెనక్కి తీసుకున్నాడు. అన్యాయంగా కొట్టించావన్న మాటను వెనక్కి తీసుకోలేదు. రెండూ వేరు వేరు" అన్నాడు నాన్న.

నేను ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళలేదు. రేపు వెళ్దాం, పరీక్షలయ్యాక వెళ్దాం అనుకుంటూ వుండగానే ఆయన బదిలీ అయ్యారు. కొన్నాళ్ళకు పోయారని తెలిసింది. మెస్ లెక్కల్లో మాకు ఎంత ఆదా అయిందో ఇప్పుడు నాకు ఒక్క రూపాయి గుర్తులేదు. ఆయన తల దించుకోవడం గుర్తుంది.

ఇంతవరకు చదివి మా నాన్న ఎంత గొప్పవాడో అనుకుంటారేమో. ఇప్పుడు చెప్పబోయే సంగతి చెప్పకపోతే ఆయనకు అన్యాయం, మా అక్కకు ఇంకా అన్యాయం.

1989లో అక్క తనతోపాటు స్కూల్లో పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుంటానంది. అతనూ క్రైస్తవుడే. మన సంఘమే. ఆదివారం మా వెనక బెంచీలోనే కూర్చుంటాడు. కానీ మేం మాలలం, వాళ్ళు మాదిగలు. వూరు మమ్మల్ని ఇద్దరినీ దూరం పెట్టింది. ఒకే రొట్టె విరిచి ఒకే గిన్నెలో తాగే బల్ల దగ్గర మోకరిస్తాం. పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం పల్లె వేరు, గూడెం వేరు. తెలుగు సంఘాలలో వున్నవాళ్ళెవరికీ ఇది కొత్త సంగతి కాదు, పైకి చెప్పుకోం అంతే.

నాన్న వీల్లేదన్నాడు. అక్క వారం రోజులు అడిగింది. ఎనిమిదో రోజు కుటుంబ ప్రార్థనలో నాన్న, తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ చదివించి, "ఇంటికి తండ్రి అధికారం దేవుడిచ్చింది. దానికి లోబడనివాళ్ళకు ఈ ఇంట్లో చోటు లేదు" అన్నాడు. చాప మీద ఎవ్వరం కదల్లేదు. రైలు పోయింది, గిన్నెలు గలగలమన్నాయి.

అక్క లేచి నిలబడింది. "నాన్నా, మీరంటే నాకు ప్రాణం. మీరు వద్దంటే ఈ పెళ్ళి దొంగచాటుగా చేసుకోను, లేచిపోను. ఎన్నేళ్ళయినా ఇక్కడే వుండి అడుగుతాను. కానీ ఒక్కటి చెప్పండి. ఆ రోజు ఆ బిల్లు మీద మీరెందుకు సంతకం పెట్టలేదు? ఆఫీసర్ గారి అధికారం కూడా దేవుడిచ్చిందే కదా" అంది.

నాన్న బైబిలు మూసేశాడు. ఆ రోజు ముగింపు ప్రార్థన జరగలేదు. నాకు తెలిసి మా ఇంట్లో అట్లా జరగడం అదొక్కసారే.

తర్వాత మూడు నెలలు ఇద్దరి మధ్య అవసరమైన మాటలే. కానీ నాన్న ఆఫీసు నుంచి వస్తే అక్క మామూలుగానే లేచి నిలబడేది. ఆయన చెప్పులు సర్దేది. మంచినీళ్ళు అందించేది. మళ్ళీ అడిగేది. "నాన్నా, ఏమాలోచించారు?" అరవలేదు, ఏడవలేదు, మానలేదు. అరిస్తే నాన్న గెలిచేవాడు. అధికారాన్ని తిట్టేవాళ్ళను అణచడం తేలిక. గౌరవిస్తూనే ఒప్పుకోనివాళ్ళను ఏం చెయ్యాలో అధికారానికి తోచదు.

ఒకరోజు నాన్న తనంతట తానే ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి వచ్చాడట. ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు. "పెళ్ళి నవంబర్లో" అన్నాడు అమ్మతో.

పెళ్ళినాడు చర్చిలో మా తరఫు బంధువులు సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు కుడివైపు, వాళ్ళవాళ్ళు ఎడమవైపు కూర్చున్నారు. నాన్న సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు. చెప్పులు కుట్టి పిల్లల్ని చదివించిన మనిషి. వాకిట్లో తటపటాయిస్తున్నాడు. నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన నడిచి ముందుకొచ్చేదాకా నిలబడే వున్నాడు. కుడివైపు వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే లేచారు. అందరూ కాదు, కొందరు. వియ్యంకుణ్ణి తన పక్కన కూర్చోబెట్టాక గానీ నాన్న కూర్చోలేదు.

దేవుడిచ్చిన అధికారం అనే మాటను నేను ఈ సంగతులన్నీ దగ్గర పెట్టుకుని అర్థం చేసుకుంటాను. ఆ పదమూడో అధ్యాయాన్ని పాలకులు ఎప్పుడూ ప్రజల వైపే తిప్పి చదివించారు. హిట్లర్ జర్మనీలో దాన్ని చూపించి సంఘాలను లొంగదీయాలని చూశారు. 1934 మేలో బార్మెన్‌లో కూడిన క్రైస్తవులు, సంఘానికి ప్రభువు ఒక్కడే, ఆ స్థానం రాజ్యానిది కాదని ప్రకటించారు. వారితో నడిచిన డీట్రిక్ బోన్‌హోఫర్ 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వమూ అదే అధ్యాయాన్ని అడ్డం పెట్టుకుంది. 1985లో అక్కడి వేదాంతులు కైరోస్ పత్రం రాసి, అది వాక్యాన్ని వక్రీకరించడమేనన్నారు. మన దేశంలో ఎమర్జెన్సీ నాడు చాలామంది సంఘ నాయకులు మౌనంగా వున్నప్పుడు, మార్తోమా సంఘాధిపతి యూహానోన్ మార్తోమా దాన్ని తొలగించమని ప్రధానమంత్రికి లేఖ రాశారు. రహస్యంగా కుట్ర చెయ్యలేదు, దూషించలేదు. ఉత్తరం కింద తన సంతకం పెట్టారు.

అసలు బైబిలులోనే ఈ పద్ధతి వుంది. సౌలు రాజు దావీదును చంపాలని తరుముతుంటే, గుహలో సౌలు ఒంటరిగా దొరికాడు. దావీదు చంపలేదు, పైవస్త్రం అంచు మాత్రం కోశాడు. ఆ మాత్రానికే మనసు నొచ్చుకున్నాడు. కానీ బయటికి వచ్చి, సాష్టాంగపడి, నువ్వు చేస్తున్నది అన్యాయమని రాజుకు వినబడేట్టు చెప్పాడు. ఆ దావీదే రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా వచ్చి చెప్పాడు. దావీదు అతన్ని చెరసాలలో వెయ్యలేదు, తల వంచాడు. యేసు పిలాతు ఎదుట నిలబడ్డప్పుడు, నిన్ను సిలువ వేయించే అధికారం నాకుందని పిలాతు అంటే, పైనుంచి ఇవ్వబడకపోతే నీకది వుండేదే కాదన్నాడు. చిన్నప్పుడు ఆ మాట పిలాతును గౌరవించడమనుకున్నాను. నిజమే. కానీ అది పిలాతుకు హెచ్చరిక కూడా. ఇది నీ సొత్తు కాదు, అప్పజెప్పిన సంచీ, లెక్క చెప్పాల్సి వుంటుంది అని. పోస్ట్‌మ్యాన్ గురించి నాన్న చెప్పిన మాట అదే.

కనుక ఆ మాట కింద నిలబడాల్సినవాళ్ళు ఇద్దరు. లోబడేవాడూ, ఏలేవాడూ. ఒక్కణ్ణే నిలబెట్టి రెండోవాడు కూర్చుంటే అది బాంచెన్ బతుకే అవుతుంది.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశాను? ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా నడవడం మొదలయ్యాక నేను దానిలోనే తిరుగుతున్నాను. ఈ మధ్య ఒకరోజు మలక్‌పేటలో ఎక్కాను. రద్దీగా వుంది. ఒకావిడ గబుక్కున లేచి, "నమస్తే సార్, కూర్చోండి" అంది. మన కాలేజీలో నా విద్యార్థినే. కుశల ప్రశ్నలయ్యాయి. మూసారాంబాగ్ దాటాక ఆమె మెల్లగా, "సార్, ఒకమాట చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. మీరు ఏమీ అనుకోకూడదు" అంది. హాజరు తక్కువైందని ఆ ఏడు ఆమెను నేను పరీక్ష రాయనివ్వలేదు. వాళ్ళ అమ్మ ఆస్పత్రిలో వుందని ఆమె పెట్టుకున్న దరఖాస్తు నా బల్ల మీద అట్లాగే పడి వుందట. "మీరు చదివి కాదనివుంటే నాకు బాధ లేదు సార్. మీరు చదవలేదు. ఒక సంవత్సరం పోయింది."

గొంతులో కోపం లేదు. పైన కడ్డీ పట్టుకుని నిలబడే వుంది. నాకు ఆ దరఖాస్తు గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే ఆమె చెప్పింది నిజమనడానికి సాక్ష్యం. నేను సీట్లోంచి లేచి, "తప్పు నాదేనమ్మా. నన్ను క్షమించు" అన్నాను. 1986లో చెప్పాల్సిన చోట చెప్పలేని మాట, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ వచ్చేలోగా ఇంకొకరికి చెప్పుకున్నాను. ఆ సీటు కాసేపు ఖాళీగా వుండి, ఎవరో చంటిబిడ్డ తల్లి వచ్చి కూర్చుంది.

విద్యార్థి మిత్రులారా, మీ పెద్దలను ప్రశ్నించండి. లెక్కలు అడగండి. రాని సామానుకు సంతకం పెట్టమంటే పెట్టకండి. కానీ వాళ్ళు గదిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడి అడగండి. సహోపాధ్యాయులారా, మన బల్లల మీద చదవని కాగితాలు ఏమైనా వున్నాయేమో ఈ సాయంత్రం ఒకసారి చూసుకుందాం.

మా నాన్న 2004లో కాలం చేశాడు. చివరి నెలల్లో లేవలేకపోయేవాడు. అక్కాబావా పిల్లలతో వస్తే మాత్రం మంచం మీద చేతులూని, లేచి కూర్చోవడానికి ప్రయత్నించేవాడు. పడుకోండి నాన్నా అని అక్క ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి ప్రార్థన మా ఇంట్లో నేను చేస్తాను. నాన్న పేరు పెట్టి తలుచుకునే ఆ అధికారి ఎప్పుడో పోయి వుంటాడు. అయినా ఆయన కుటుంబాన్ని తలుచుకుంటాను. చిన్నప్పుడు అనని ఆమేన్ అంటాను.